దగదర్తి ఎయిర్‌పోర్ట్ పర్యావరణ నివేదిక: కార్తీక వానల్లో మన చెరువులు చూసి రాయమని అడుగుదాం

కలుజుకట్ట (దగదర్తి మండలం)

అందరికీ నమస్కారం. మా మండలంలోని దామవరం దగ్గర కడతామంటున్న దగదర్తి ఎయిర్‌పోర్ట్ మాట మా ఇంట్లో ఏళ్ల తరబడి నలుగుతూనే ఉంది. 2019 జనవరిలో శంకుస్థాపన అయింది. తర్వాత ఆగిపోయింది. మధ్యలో గుడ్లూరు మండలం తెట్టుకు మారుస్తారన్నారు. ఇప్పుడు మళ్లీ దగదర్తే ఖాయం అంటున్నారు. పదమూడు వందల పైచిలుకు ఎకరాల వ్యవహారం.

ఎయిర్‌పోర్ట్ వద్దని చెప్పడానికి ఈ చర్చ మొదలుపెట్టలేదు. మా నాన్నకు గుండె నొప్పి వచ్చిన రాత్రి చెన్నై దాకా అంబులెన్స్‌లో కూర్చుని వెళ్లినవాణ్ణి నేను. విమానం దగ్గర్లో ఉంటే ఎంత మేలో నాకు తెలుసు. నా బెంగ అంతా నీళ్ల గురించే. మా చెరువు నిండితే కలుజు (మిగులు నీళ్లు పొర్లిపోయే అలుగు) మీదుగా నీళ్లు కింది చెరువుకు పోతాయి. అక్కడి నుంచి వాగులో కలిసి తూర్పుకు. ఆ దారిలో రెండు మూడు కిలోమీటర్ల పొడవున మట్టి పోసి చదును చేస్తే ఆ నీళ్లు ఎటు పోవాలి? ఈ ప్రశ్న ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి, ఎట్లా అడిగితే కాగితం మీదకు ఎక్కుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

కావలికుర్రాడు (ప్రస్తుతం బెంగళూరు)

అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఒక మాట చెప్పాలి. మన జిల్లాకు ఏదన్నా వస్తుందంటే చాలు, ముందు అభ్యంతరాల జాబితా తయారవుతుంది. ఇటు కృష్ణపట్నం పోర్టు, అటు రామాయపట్నం పోర్టు, మధ్యలో పరిశ్రమలు. ఇంత ఉన్నా విమానం ఎక్కాలంటే చెన్నైకో రేణిగుంటకో పరిగెత్తాలి. పండక్కి ఇంటికి రావాలంటే నాకు ఒక రోజు పోవడానికి, ఒక రోజు రావడానికి సరిపోతుంది. ఈసారి కూడా ఆగిపోతే ఇంకో పదేళ్లు మనవైపు ఎవరూ చూడరు. దయచేసి ఆపే దారి వెతకొద్దు.

కలుజుకట్ట

ఆపమని నేనెక్కడా రాయలేదు తమ్ముడూ. నీళ్లకు దారి వదిలి కట్టమంటున్నాను.

ఫైళ్లమనిషి (కందుకూరు, ఉద్యోగం హైదరాబాద్)

ఈ నివేదికలు తయారుచేసే సంస్థల్లో తొమ్మిదేళ్లు పనిచేశాను. నాకు తెలిసింది చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

2006 సెప్టెంబర్ 14న కేంద్రం ఇచ్చిన ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌లో ఎయిర్‌పోర్ట్‌లది 7(ఎ) అంశం. ప్రయాణికుల విమానాలు నడిచే కొత్త ఎయిర్‌పోర్ట్ ఏదైనా ‘ఎ’ కేటగిరీ కిందకే వస్తుంది. అంటే అనుమతి ఇచ్చేది రాష్ట్రం కాదు, ఢిల్లీలోని పర్యావరణ మంత్రిత్వ శాఖ. ముందు అక్కడి నిపుణుల కమిటీ ఏమేం అధ్యయనం చేయాలో రాసిస్తుంది. దాన్నే టీఓఆర్ అంటారు. దాని ప్రకారం ముసాయిదా నివేదిక తయారవుతుంది. అప్పుడు కాలుష్య నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణ పెడుతుంది. కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక తెలుగు పత్రికలో ప్రకటన రావాలి. నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, స్థానిక సంస్థ ఆఫీసులో ఎవరైనా చూడొచ్చు.

ఇక కలుజుకట్ట గారి ప్రశ్నకు. అసలు కిటుకు ‘బేస్‌లైన్’ అనే అధ్యాయంలో ఉంది. ప్రాజెక్టు రాకముందు గాలి, నీరు, చప్పుడు, పక్షులు ఎట్లా ఉన్నాయో చుట్టూ పది కిలోమీటర్ల మేర కొలిచి రాయాలి. సాధారణంగా ఒక్క సీజన్ చాలు, అంటే మూడు నెలలు. అది వర్షాకాలం కాకుండా ఉండాలని నియమం. గాలిలో దుమ్ము కొలతకు ఆ నియమం సబబే, వానలో దుమ్ము తేలదు కాబట్టి. కానీ అదే మూడు నెలల్లో చెరువులూ పక్షులూ కూడా చూసేస్తారు. మార్చి నుంచి మే దాకా మన దగ్గర చెరువులో ఏముంటుంది? నెర్రెలు విచ్చిన నేల, గేదెల గిట్టల గుర్తులు. “సీజనల్ నీటి గుంట, ప్రాధాన్యం లేదు” అని ఒక వాక్యం రాసి ముందుకు పోతారు. ఇట్లాంటి వాక్యాలు నా చేత్తో టైపు చేశాను. ఆ ఊరు పేరు చెప్పను గానీ, తర్వాత అక్కడ కాలనీలోకి నీళ్లొచ్చాయని విన్నప్పుడు మూడు రోజులు అన్నం సహించలేదు.

ఇంకో సంగతి. బేస్‌లైన్ వివరాలు మూడేళ్లకు మించి పాతవి వాడకూడదు. పాత శంకుస్థాపన నాటి కొలతలు ఎవరి దగ్గర ఉన్నా ఇప్పుడు చెల్లవు. మళ్లీ కొలవాల్సిందే. మనం అడగాల్సింది అక్కడే.

రిటైర్డ్‌ఏఈ (నెల్లూరు)

ఇరిగేషన్‌లో 31 ఏళ్లు చేశాను. కనిగిరి రిజర్వాయర్ కింద, కావలి కాలువ మీద తిరిగిన కాళ్లివి.

మన నేల పడమట ఎత్తు, తూర్పున పల్లం. వెలిగొండల వైపు పడిన వాన సముద్రానికి పోవాలంటే అడ్డంగా ఇప్పటికే మూడు కట్టలున్నాయి: జాతీయ రహదారి, రైలు కట్ట, బకింగ్‌హాం కాలువ. మూడూ ఉత్తర దక్షిణాలుగా పోతాయి, నీళ్లేమో పడమటి నుంచి తూర్పుకు రావాలి. ప్రతి కట్ట కిందా ఎన్ని ఖానాలు (నీళ్లు పోయే దారులు) వదిలారు, ఎంత వెడల్పు వదిలారు అన్నదాని మీదే పల్లపు ఊళ్ల బతుకు ఆధారపడి ఉంది. 2021 నవంబర్‌లో ఏమైందో అందరం చూశాం. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. హైవే తెగింది. లారీలు రోజుల తరబడి బారులు తీరాయి. అది పెన్నా వరద, నిజమే. కానీ నీళ్లకు చాలినంత దారి లేకపోతే కట్ట ఎంత గట్టిదైనా నిలవదు.

ఎయిర్‌పోర్ట్ నాలుగో కట్ట కాకూడదు. రన్‌వే ఏ దిక్కుగా వస్తుందో గాలి లెక్క చూసి నిర్ణయిస్తారు, అది మన చేతిలో ఉండదు. కానీ ఏ దిక్కుగా వచ్చినా మనం అడగాల్సింది ఒక్కటే మ్యాపు. గొలుసుకట్టు చెరువులన్నీ వేసి, ఒక్కొక్క చెరువు పూర్తి నీటిమట్టం, కలుజు ఎత్తు, కలుజు నుంచి కింది చెరువుకు పోయే వాగు, ఇవన్నీ ఎయిర్‌పోర్ట్ ప్రహరీ గోడ గీతతో సహా ఒకే కాగితం మీద చూపించాలి. నివేదికల్లో సాధారణంగా ఉపగ్రహ చిత్రం ఒకటి అతికించి నీలం చుక్కలు పెడతారు. చుక్కలు చాలవు. ఏ చుక్క నుంచి ఏ చుక్కకు నీళ్లు పోతాయో గీతలు కావాలి.

సింగరాయకొండ_రమణ

మా దగ్గర హైవే మీదే విమానాలు దిగడానికి రన్‌వే వేశారు కదా. దానికి ఇట్లాంటి హియరింగ్ ఏదీ జరిగినట్టు గుర్తు లేదు. మరి దగదర్తికి ఎందుకు ఇంత తతంగం?

ఫైళ్లమనిషి

రమణ గారూ, అది అత్యవసరంలో వాయుసేన వాడుకునే రోడ్డు ముక్క. అక్కడ ఇంధనం నింపరు, టికెట్లు అమ్మరు. ప్రయాణికుల ఎయిర్‌పోర్ట్ అంటే ఇంధనం ట్యాంకులు, మురుగునీటి శుద్ధి, పార్కింగ్, రోజంతా విమానాలు. నియమాలు వేరు.

అల్లూరు_ఆక్వా

నాకు పన్నెండు ఎకరాల వనామీ రొయ్యల చెరువులున్నాయి. నేను ఎయిర్‌పోర్ట్ కావాలనేవాణ్ణి. మన తీరంలో రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలకు తల్లి రొయ్యలు విదేశాల నుంచి విమానంలో చెన్నై దిగుతాయి. అక్కడ నీలాంకరైలో క్వారంటైన్‌లో ఉంచి, తర్వాత రోడ్డు మీద ఇక్కడికి తెస్తారు. ఒక్కో తల్లి రొయ్యకు పెట్టే డబ్బు, దారిలో చచ్చేవాటి నష్టం తలుచుకుంటే దగ్గర్లో రన్‌వే ఉండడం మాకు వరమే.

కానీ ఒకటి నిద్ర పట్టనివ్వడం లేదు. పక్షులు వస్తాయని రేపు చెరువులు మూయమంటే? ఎయిర్‌పోర్ట్ చుట్టూ పది కిలోమీటర్లలో ఏదో నిషేధం ఉందని మా సంఘం మీటింగ్‌లో ఒకాయన చెప్పాడు. ఎవరికైనా వివరంగా తెలుసా?

గూడబాతు (జువాలజీ లెక్చరర్, నెల్లూరు)

తెలుసు. 1937 నాటి విమాన నియమాల్లో 91వ నియమం. ఎయిర్‌పోర్ట్ కేంద్ర బిందువు నుంచి పది కిలోమీటర్ల లోపల ఆరుబయట జంతువులను కోసి చర్మం ఒలవడం, పక్షుల్ని ఆకర్షించే చెత్త వేయడం నిషేధం. రొయ్యల చెరువు ఉండడమే నేరమని అందులో లేదు. కానీ చచ్చిన రొయ్యలు గట్టు మీద పారబోస్తే, కోళ్ల వ్యర్థాలు వాగులో వేస్తే అది దాని కిందకు వస్తుంది. కాబట్టి మీరు హియరింగ్‌లో అడగాల్సింది సూటిగా ఇది: “మా చెరువుల మీద ఏ ఆంక్షలు వస్తాయో ఇప్పుడే రాతపూర్వకంగా చెప్పండి. వ్యర్థాలు పూడ్చే ఏర్పాటు ఎవరి ఖర్చుతో చేస్తారు?” ఇప్పుడు అడగకపోతే ఎయిర్‌పోర్ట్ తెరిచాక నోటీసులు రైతు ఇంటికి వస్తాయి.

ఇక పక్షుల గురించి నా గోడు వినండి. ఇరవై ఏళ్లుగా ప్రతి చలికాలం పిల్లల్ని తీసుకుని నేలపట్టు, పులికాట్ వెళుతున్నాను. నేలపట్టులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెడతాయి. అక్టోబర్, నవంబర్‌లో వచ్చి పిల్లల్ని లేపి మార్చి, ఏప్రిల్‌కు పోతాయి. గూడు ఒకచోట, తిండి ఒకచోట. పదుల కిలోమీటర్లు ఎగిరి చెరువుల్లో చేపలు పట్టి గూటికి తెస్తాయి. నత్తగుల్ల కొంగలు, ఎర్రకాళ్ల కొంగలు వరి మళ్లలో మేస్తాయి. నేలపట్టు దగదర్తికి దూరమే, అభయారణ్యం పది కిలోమీటర్లలో లేదు కాబట్టి నివేదికలో “సున్నిత ప్రాంతాలు లేవు” అని రాస్తారు. కానీ అల్లూరు, బోగోలు, దగదర్తి చెరువుల్లో చలికాలం పొద్దున ఆరింటికి నిలబడి చూడండి. అక్కడ ఏ పక్షి ఎంత ఎత్తున, ఏ దిక్కుకు ఎగురుతుందో డిసెంబర్, జనవరిలో లెక్కపెడితేనే తెలుస్తుంది. మే నెలలో వచ్చినవాళ్లకు కాకులూ గోరింకలూ కనిపిస్తాయి.

ఇది పక్షుల మీద ప్రేమతో మాత్రమే అంటున్నది కాదు. దక్షిణ కొరియా మువాన్ ఎయిర్‌పోర్ట్ వలస పక్షులు దిగే చిత్తడి నేలల పక్కన ఉంది. 2024 డిసెంబర్ 29న అక్కడ విమానం చక్రాలు తెరుచుకోకుండా దిగి, రన్‌వే చివరి కాంక్రీటు దిబ్బను ఢీకొని 179 మంది చనిపోయారు. రెండు ఇంజన్లలోనూ బాతుల అవశేషాలు దొరికాయి. అది జరిగింది శీతాకాలంలోనే.

అల్లూరు_ఆక్వా

మేడమ్, మీరు చెప్పాక ఒకటి గుర్తొచ్చింది. మా చెరువుల మీద కొంగలు వాలకుండా దారాలు కడతాం, టపాసులు పేలుస్తాం. లేచినవి ఒక్కసారిగా గుంపుగా పైకి లేస్తాయి. ఆ లేచిన గుంపు ఎక్కడికి పోతుందని ఇన్నాళ్లూ ఆలోచించనే లేదు. విమానం దిగే దారి కింద మా చెరువులుంటే మేం టపాసు పేల్చడమే ప్రమాదమవుతుంది. దీనికి వలలు కప్పడానికి సాయం అడగొచ్చా?

గూడబాతు

తప్పకుండా అడగాలి. పక్షి ప్రమాద నివారణ ప్రణాళికలో ఆ ఖర్చు పెట్టమనండి.

కావలికుర్రాడు

మువాన్ సంగతి చదివి ఆగిపోయాను. సరే, పక్షుల లెక్క చలికాలంలో చేయమనడం న్యాయమే. దానివల్ల ఎంత ఆలస్యం అవుతుంది? నాకు తెలియాల్సింది అది.

ఫైళ్లమనిషి

ఇప్పుడే అడిగితే ఆలస్యం ఉండదు. మిగతా పనులు జరుగుతుండగానే అక్టోబర్ నుంచి జనవరి దాకా నీళ్లు, పక్షులు చూసుకోవచ్చు. ఆలస్యం వచ్చేది ఎప్పుడంటే, లోపమున్న నివేదిక మీద అనుమతి ఇచ్చి, ఎవరో చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లి, అక్కడ మళ్లీ అధ్యయనం చేయమన్నప్పుడు. అనుమతి వచ్చిన 30 రోజుల్లో అప్పీలు వేయొచ్చు, కారణం చూపితే ఇంకో 60 రోజుల దాకా తీసుకుంటారు. ముందు నాలుగు నెలలు జాగ్రత్తగా చూస్తే ఆ బాధ ఉండదు.

బోగోలు_ఆడపడుచు

నేను డిగ్రీ చదివాను గానీ ఇంట్లోనే ఉంటాను. మాకు డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూమి రెండెకరాలు, ఆరు గేదెలు. అందరూ చెరువులూ పక్షులూ అంటున్నారు, సంతోషం. మేత బీడు గురించి ఎవరూ అనలేదు. ఎయిర్‌పోర్ట్‌కు పోయే నేలలో పట్టా భూములకు లెక్క ఉంటుంది, పరిహారం ఉంటుంది. పోరంబోకు బీడుకు ఎవరికి పరిహారం ఇస్తారు? ఆ బీడు మీద మా ఊరి గేదెలు, గొర్రెలు బతుకుతున్నాయి. వానలు పడ్డాక రెండు మూడు నెలలు పచ్చి మేత అక్కడే. అది పోతే ఎండుగడ్డి కొనాలి, పాల డబ్బులు గడ్డికే సరిపోతాయి. నివేదికలో దాన్ని “నిరుపయోగ భూమి” అని రాస్తారంట. మాకు ఉపయోగమే.

ఇంకొకటి. పోర్టు వైపు ఒక ఫ్యాక్టరీ ప్రజాభిప్రాయ సేకరణకు మా పుట్టింటివాళ్లతో కలిసి వెళ్లాను. ఆడవాళ్లందరం వెనక కూర్చున్నాం. మైకు ముందు వరసలోనే తిరిగింది. మధ్యాహ్నం ఎండకు పిల్లలు ఏడుస్తుంటే సగం మంది లేచి వెళ్లిపోయారు. నేను చేయి ఎత్తి ఎత్తి చివరికి అరిచి మాట్లాడాను. ఏం రాసుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

తెట్టు_వాసి (గుడ్లూరు మండలం)

అక్కా, ఏం రాసుకున్నారో అక్కడే చదివి వినిపించాలి. నియమం ఉంది. సభ ముగిసే ముందు వచ్చిన అభిప్రాయాలన్నిటి సారాంశం తెలుగులో చదివి వివరించి, అప్పుడు అధ్యక్షత వహించినవారు సంతకం పెట్టాలి. మొత్తం వీడియో తీయాలి. మా దగ్గర పోర్టు వచ్చినప్పుడు మాకు ఇవి తెలియలేదు. భూములు పోయాక తెలిసింది. మీరు ముందే నేర్చుకుంటున్నారు, అదొక్కటి నాకు సంతోషం.

మాట్లాడే అవకాశం దొరకదని భయం ఉంటే రాసి ఇవ్వండి. సభకు రాలేనివాళ్లు కూడా రాసి పంపొచ్చు. ఇంట్లో నలుగురు ఉంటే నలుగురూ వేరువేరుగా, ఎవరి బాధ వాళ్లు సొంత మాటల్లో రాయండి. ఒకే లెటర్‌ను వంద జిరాక్సులు తీసి సంతకాలు పెడితే “ఒకే తరహా వినతులు” అని ఒక్క వరసలో తేల్చేస్తారు.

ఫైళ్లమనిషి

తెట్టు వాసి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. వచ్చిన ప్రతి అంశానికి కంపెనీ తుది నివేదికలో జవాబు రాయాలి. “నీళ్లు వస్తాయి” అంటే “తగిన డ్రైనేజీ కల్పిస్తాం” అని రాసి అయిపోయిందంటారు. “2021 నవంబర్‌లో ఫలానా చెరువు కలుజు మీద నుంచి ఇంత ఎత్తున నీళ్లు పోయాయి, ఆ వాగు మీ ప్రహరీ గోడను ఫలానా చోట దాటుతుంది, అక్కడ ఎన్ని ఖానాలు పెడతారు” అంటే లెక్క కట్టి జవాబు చెప్పక తప్పదు.

ఇప్పుడు ఎవరూ అడగని ఒక పెద్ద విషయం. టెర్మినల్. మొదట చిన్నదే కడతారు, ఏడాదికి ఇంతమంది ప్రయాణికులని రాస్తారు. నీళ్ల వాడకం, మురుగు, కార్ల పార్కింగ్ అన్నీ ఆ చిన్న లెక్క మీదే. తర్వాత రద్దీ పెరుగుతుంది, టెర్మినల్ పెంచుతారు. ఎయిర్‌పోర్ట్ స్థలం పెరగకుండా, రన్‌వే జోలికి పోకుండా టెర్మినల్ భవనం మాత్రమే విస్తరిస్తే 2022లో వచ్చిన సవరణ సడలింపు ఇచ్చింది. అంటే ఆ విస్తరణ మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ దాకా రాదు. మన జనం ముందుకు వచ్చేది ఈ మొదటి నివేదిక ఒక్కటే అనుకోండి. గన్నవరం చూడండి. 2017లో ఒక టెర్మినల్ తెరిచారు, అది చాలక 35,000 చదరపు మీటర్ల కొత్తది కట్టాల్సి వచ్చింది. ఇక్కడా అట్లాగే పెరగాలని మనమే కోరుకుంటాం. కాబట్టి చివరి దశలో ఎంతమంది ప్రయాణికులు, ఎంత నీరు, ఎంత మురుగు, ఎన్ని ఎకరాల కాంక్రీటు, అన్నీ ఇప్పుడే లెక్కకట్టి చూపమని అడగాలి.

రిటైర్డ్‌ఏఈ

ఫైళ్లమనిషి గారు చెప్పిన కాంక్రీటు మాటకు తోడు మట్టి మాట. పల్లపు నేల ఎత్తు చేయాలంటే గ్రావెల్ కావాలి. ఎకరంలో ఒక మీటరు ఎత్తు పోయాలంటే 4,047 ఘనపు మీటర్లు. టిప్పర్‌కు పది ఘనపు మీటర్లు వేసుకున్నా ఎకరానికి నాలుగు వందల ట్రిప్పులు. ఐదు వందల ఎకరాలకు మీటరు పోయాల్సి వస్తే రెండు లక్షల ట్రిప్పులు. ఎక్కడి గుట్ట తవ్వుతారు, ఏ చెరువులో తవ్వుతారు, ఏ ఊళ్ల మధ్య నుంచి ఆ టిప్పర్లు పోతాయి, బడి వేళల్లో ఆపుతారా? ఇది నివేదికలో “మట్టి స్థానికంగా లభిస్తుంది” అనే మూడు మాటల్లో ముగియకూడదు. చెరువు పూడిక తీసి వాడతామంటే మంచిదే, కానీ తూము మట్టం కన్నా లోతుకు తవ్వితే ఆ నీళ్లు ఆయకట్టుకు ఎక్కవు. ఎడగారు (రెండో కారు) పైరు ఎండుతుంది.

చెన్నై ఎయిర్‌పోర్ట్ రెండో రన్‌వే అడయార్ నది మీద వంతెనతో కట్టారు. 2015 డిసెంబర్ వరదలకు ఎయిర్‌పోర్ట్ మొత్తం రోజుల తరబడి మూతపడింది. కొచ్చిలో 2018 ఆగస్టులో రెండు వారాలు మూసేశారు. నీటి దారి పట్టించుకోకపోతే పోయేది పల్లపు ఊళ్లే కాదు, ఆ కోట్ల రూపాయల రన్‌వే కూడా. ఈ మాట కావలి అబ్బాయి గమనించాలి. నీళ్ల గురించి అడగడం ఎయిర్‌పోర్ట్‌కు అడ్డుపడడం కాదు నాయనా.

కావలికుర్రాడు

బాబాయ్ గారూ, ఒప్పుకుంటున్నాను. మొదట్లో నేను తొందరపడి మాట్లాడాను. 2021లో రైళ్లు ఆగిపోయినప్పుడు గూడూరులో పదకొండు గంటలు ఇరుక్కున్నవాణ్ణి, నాకే గుర్తు రాకపోవడం ఏంటో. మ్యాపు పని నాకు ఇవ్వండి. ఉపగ్రహ చిత్రాల మీద చెరువులు గుర్తించి, ఎత్తుపల్లాల గీతలు వేయగలను. వాగులు ఎటు పోతాయో నేల మీద చూసి చెప్పేవాళ్లు కావాలి.

కొచ్చి పేరు వచ్చింది కాబట్టి ఒకటి. ఆ ఎయిర్‌పోర్ట్ 2015 నుంచి పూర్తిగా సోలార్ కరెంటు మీద నడుస్తోంది. మన ఎండలకు అది ఇక్కడ మొదటి రోజు నుంచే అడగొచ్చు.

దామవరం_విద్యార్థిని

నేను ఇంటర్ చదువుతున్నాను. మా బడి దగ్గర్లోనే ఉంది. చప్పుడు ఎంత వస్తుందో, దానికి హద్దు ఏమైనా ఉందా?

ఫైళ్లమనిషి

ఉందమ్మా. నివాస ప్రాంతాల్లో మామూలుగా పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. ఎయిర్‌పోర్ట్ శబ్ద పరిధిలో 2018 జూన్‌లో వేరే హద్దులు పెట్టారు. ఏడాదికి యాభై వేలకు మించి విమానాలు వచ్చిపోయే రద్దీ ఎయిర్‌పోర్ట్‌లకు పగలు 70, రాత్రి 65. మిగతావాటికి పగలు 65, రాత్రి 60. మీ బడి ఆ పరిధిలో పడుతుందా లేదా అన్నది శబ్ద రేఖల మ్యాపు చూస్తే తెలుస్తుంది. నివేదికలో ఆ మ్యాపు ఉండాలి. మీ బడి పేరు, ఊరి పేరు అందులో గుర్తించమని నువ్వే రాసి ఇవ్వు. పిల్లలు రాయకూడదని ఎక్కడా లేదు.

బోగోలు_ఆడపడుచు

అమ్మాయ్, నువ్వు రాసేటప్పుడు మా మేత బీడు సంగతి కూడా నాకు రాసి పెడతావా? నేను చెబుతాను, నువ్వు చక్కగా పెట్టు. సభకు మా వాడ నుంచి పదిమంది ఆడవాళ్లను నేను తీసుకొస్తాను. ఈసారి ముందు వరసలో కూర్చుంటాం.

దామవరం_విద్యార్థిని

తప్పకుండా అక్కా. ఆదివారం వస్తాను.

కలుజుకట్ట

ఇన్ని మాటలు వస్తాయని అనుకోలేదు. అందరికీ దండాలు. ఇప్పటిదాకా తేలిన దాన్ని పట్టి నేను ఒక లెటర్ మొదలుపెట్టాను. మొదటి పేరా ఇట్లా ఉంది, సరిచేయండి:

“మా మండలంలో ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల కాలంలోనే, అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపల పడుతుంది. చెరువులు నిండేది, కలుజులు పారేది, వలస పక్షులు వచ్చేది అప్పుడే. కాబట్టి నీటి ప్రవాహాలు, పక్షుల అధ్యయనం వేసవిలో కాకుండా అక్టోబర్ నుంచి జనవరి వరకు జరిపించాలని, ఆ వివరాలు లేని ముసాయిదా మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టవద్దని కోరుతున్నాము.”

రిటైర్డ్‌ఏఈ

బాగుంది. “చెరువులు” అన్నచోట చెరువుల పేర్లు, సర్వే నంబర్లు వేయండి. పేరు లేని చెరువును ఎవరైనా పూడ్చొచ్చు. గ్రామ పటం పంచాయతీ ఆఫీసులో గానీ సచివాలయంలో సర్వేయర్ దగ్గర గానీ చూడొచ్చు. వచ్చే బుధవారం పొద్దున దగదర్తి వస్తాను. మోకాలు నొప్పి ఉంది, కట్ట మీద నడవగలను గానీ వాగులోకి దిగలేను. ఎవరైనా కుర్రాడు తోడు ఉంటే చాలు. పొడుగు టేపు, లెవల్ గొట్టం నా దగ్గర ఉన్నాయి.

అల్లూరు_ఆక్వా

నా బండి పెడతాను సార్. పొద్దున ఐదున్నరకు నెల్లూరులో మీ ఇంటికే వస్తాను. మేడమ్ కూడా వస్తే ఆరింటికి చెరువు దగ్గర పక్షులు చూడొచ్చు.

గూడబాతు

వస్తాను. బైనాక్యులర్స్ రెండు తెస్తాను. విద్యార్థిని కూడా రావచ్చు, ఇంట్లో చెప్పి.

తెట్టు_వాసి

2015, 2021 వానల ఫోటోలు ఎవరి ఫోన్లలో ఉన్నా తేదీ కనిపించేలా ఇక్కడ పెట్టండి. వాట్సాప్‌లో పంపితే తేదీ పోతుంది, అసలు ఫైలు పెట్టండి.

బోగోలు_ఆడపడుచు

నా దగ్గర ఫోటో లేదు. మా అత్తగారు 2021 వానకు నీళ్లు ఎంతవరకు వచ్చాయో గేదెల పాక గుంజ మీద కత్తితో గాటు పెట్టారు. ఇవాళ కొలిచాను. నేల నుంచి రెండు జానల నాలుగు వేళ్లు. పాక మా ఇంటికి తూర్పున, వాగుకు నలభై అడుగుల దూరంలో ఉంది. బుధవారం మీరొచ్చినప్పుడు చూపిస్తాను.